గుడ్డ కప్పని మిషను

ఆ రోజుల్లో కంప్యూటరంటే మనిషి. పెట్టె కాదు, తెర కాదు. ఎండకు చెమటలు పట్టే, జీతం ఆలస్యమైతే గొణుక్కునే, రక్తమాంసాలున్న మనిషి. ఈ మాట అంటే మా అమ్మాయి ‘ఊరుకో అమ్మా’ అని నవ్వుతుంది గాని, అరవైల చివర్లో నేను విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు నా ఉద్యోగం పేరు అదే. లెక్కలు కట్టేవాళ్ళని అట్లాగే పిలిచేవారు. “కంప్యూటర్లు చాయ్‌కి పోయిన్రు”, “కంప్యూటర్లకు కుర్చీలు చాలవు”, “ఆ కొత్త కంప్యూటరుకు నోరెక్కువ” అని వరండాలో మాటలు వినబడుతుండేవి. (చివరిది నా గురించి.) ఇవాళ తార్నాక చౌరస్తాలో ఎటు చూసినా ఆ పేరే రంగురంగుల బోర్డుల మీద కనిపిస్తుంటే, మావాళ్ళ గొప్పతనం ఆలస్యంగానైనా ఊరికి తెలిసివచ్చిందని నాకు లోలోపల సంతోషం. అందుకని మొన్న మా ఇంట్లో కంప్యూటరు కొనాలన్న మాట వచ్చినప్పుడు, ఏది కొనాలో తేల్చే హక్కు నాదేనని ప్రకటించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. (ఎదురు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది, అది వేరే సంగతి.) బల్లమీద పెట్టుకునే మిషను, చవకది, సాదాది, మన రోజువారీ పనికి సరిపోయేది ఎట్లా ఎంచుకోవాలో నాకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. అటువంటి ఎంపిక నేనొకసారి చేసి ఉన్నాను. నా కుర్చీ పందెం కాసి మరీ చేశాను.

మాది కర్నూలు వైపు. రాజధాని అక్కణ్ణుంచి హైదరాబాదుకు కదిలినప్పుడు ఫైళ్ళ వెనకే కదిలిన గుమాస్తాల కుటుంబాల్లో మాదొకటి. నాయన తార్నాకలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. నేను లెక్కలు ప్రధానంగా డిగ్రీ పూర్తిచేసేసరికి, ఇంట్లో వాళ్ళకు నాతో మాట్లాడే ఓపిక కూడా పూర్తయింది. కూర ఉప్పన్నా వాదనే, పాలవాడి కొలతన్నా వాదనే. విశ్వవిద్యాలయంలో ఏదో స్కీములో లెక్కలు కట్టే ఉద్యోగం వచ్చిందనగానే అమ్మ జంకింది గాని నాయన ఒప్పుకున్నాడు. “పోనీలే. ఇంట్లో ఉంటే మనతోనే గదా కొట్లాడేది. లెక్కలతో కొట్లాడనీ, అవి మళ్ళీ నోరెత్తవు” అన్నాడు. ఆ వెంటనే నా వైపు తిరిగి, “కానీ సూడుమ్మా, నువ్వు సదివింది లెక్కలు. లెక్కల పనైతేనే చెయ్యి. ఇంకో సీటులో యాడన్నా కూర్చోబెడితే ఆ పొద్దే ఇంటికొచ్చెయ్యాల” అన్నాడు. ఆ షరతుకు నేను హుషారుగా తలూపాను. అది నా మెడకు ఎట్లా చుట్టుకుంటుందో అప్పుడు తెలియదు.

మా స్కీము పల్లెల్లో వ్యవసాయ ఖర్చుల గురించి. ఎవరికెంత భూమి, విత్తనాలకు ఎంత, ఎరువుకు ఎంత, పనిముట్లకు ఎంత అని ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన కాగితాలు గోనెసంచుల్లో వచ్చి మా గదిలో దిగేవి. వాటిని కూడి, గుణించి, భాగించి, ఎకరానికి ఇంత ఖర్చని తేల్చడం మా పని. గదిలో నాకు పెద్దదిక్కు సీతాఫల్‌మండి నుంచి నడిచి వచ్చే ఒక అక్క. (పేరు వేరే ఉంది గాని, అందరికీ ఆమె సీతాఫల్‌మండి అక్కే.) ఆమె నాకంటే ముందే చేరింది. జనగామ వైపు రైతు కుటుంబం. డిగ్రీ నాకున్నదే ఆమెకూ ఉంది, నోరు మాత్రం నాలో సగం కూడా లేదు. గదిలో రెండు బల్లలు, ఒక అల్మారా, ఒక బల్ల ఫ్యాను, ఆ ఫ్యానుకొక ప్లగ్గు. గదికంతా ప్లగ్గు అదొక్కటే. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లెక్కల మిషను మాత్రం మాకు లేదు. పక్క డిపార్టుమెంటులో ఒకటుండేది, దాన్ని అడుక్కునేవాళ్ళం. ఎండలో కాగితాల కట్టలు ఎత్తుకుని వేపచెట్ల కింద నీడ వెతుక్కుంటూ ఆ బిల్డింగుకు వెళితే, అక్కడొక గుమాస్తా ఉండేవాడు. మేం అతనికి ‘మఖ్మల్ సాబ్’ అని పేరు పెట్టుకున్నాం. ఎందుకంటే ఆ మిషనుకు ఎర్ర మఖ్మల్ గుడ్డ తొడుగుండేది, అంచులకు జరీ కూడా. గుళ్ళో తెర తీసినట్టు ఆ గుడ్డను ఆయనే తియ్యాలి, ఆయనే వెయ్యాలి. “చేతులు తుడుచుకున్నరా?” అని అడిగేవాడు. మేం చెంగుకు తుడుచుకుని చూపించేవాళ్ళం. “మెల్లగ తిప్పుండ్రి, అది నాజూకు మిషను” అనేవాడు. ఇనుముతో చేసిన వస్తువుకు నాజూకేమిటని నేనడిగితే, ఆ రోజుకు గుడ్డ మళ్ళీ పడిపోయేది. ఆయన సెలవు పెడితే మిషనుకూ సెలవే. ఆ డిపార్టుమెంటులో దాన్ని వాడినవాళ్ళకంటే దాని దుమ్ము దులిపినవాళ్ళే ఎక్కువని నా గట్టి నమ్మకం. మన ఆఫీసుల్లో అదొక ఆచారం. కొత్త మిషను రాగానే బొట్టుపెడతారు, కొబ్బరికాయ కొడతారు, గుడ్డ కప్పుతారు, తాళం వేస్తారు. తర్వాత అందరూ కలిసి చేత్తో లెక్కలు చేసుకుంటారు.

అటువంటి రోజుల్లో మా స్కీముకు సొంతంగా ఒక మిషను కొనుక్కోవడానికి మంజూరు వచ్చింది. నేనూ అక్కా ఒకరి చేతులొకరం పట్టుకుని గదిలోనే గిర్రున తిరిగాం. ఆ సంతోషం చల్లారకముందే మా కుర్ర లెక్చరరు గారు గదిలోకి వచ్చారు. ఆయన అప్పుడే కలకత్తాలో ఏదో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ చూసినవన్నీ కరెంటుతో నడిచేవే. అందుకే మాకు ఆయన ‘కరెంటు సారు’. “లేటెస్ట్ ఎలక్ట్రిక్ మోడల్ తెప్పిస్తున్నాం. బటన్ నొక్కితే చాలు, భాగహారం దానంతటదే చేసేస్తుంది. హెడ్ గారి రూములో పెడదాం, అక్కడైతే సేఫ్. మీకు కావలసినప్పుడు పర్మిషన్ తీసుకుని వాడుకోండి” అన్నారు.

హెడ్ గారి గది! పర్మిషన్! నా కళ్ళముందు ఇంకో మఖ్మల్ గుడ్డ ఆడింది. అంతే, నా నోరు లేచింది. “సార్, మాకు కలకత్తా లెక్కలు లేవు. కూడడం, గుణించడం, భాగించడం. దానికి పిడి తిప్పే చేతి మిషను చాలు. మీ కరెంటు మిషను ధరకు అవి రెండొస్తాయి, ఇద్దరం ఒకేసారి పనిచేసుకోవచ్చు. మా బల్లమీదే ఉంటుంది. కరెంటు పోయినా నడుస్తుంది” అన్నాను. ఆయన చాలా మర్యాదగా నవ్వి, “మిస్, పిడి తిప్పడానికి మనమేమైనా చెరకురసం బండి పెడుతున్నామా?” అన్నారు. ఆ మాటకు నాకొచ్చిన కోపంతో ఆ గదిలో ఫ్యాను అక్కర్లేకుండానే కాగితాలు ఎగిరి ఉండాలి. మా వాదన వరండాలోకి పాకి, పెద్దసారు గది దాకా వెళ్ళింది.

పెద్దసారు, అంటే మా హెడ్ గారు, ఉర్దూ మీడియంలో చదువుకున్న పాతకాలపు హైదరాబాదీ మనిషి. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని, మాట మాత్రం గుండీలు విప్పినట్టు మాట్లాడేవారు. ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి విన్నారు. విని విని చేయెత్తారు. “బస్, బస్! జగడం చాలు. రెండు మిషన్లు మీ గదికే తెప్పిస్త. నా ముంగటనే పరీక్ష చేద్దాం. ఏది మనకు పనికొస్తే అది కొందాం. కానీ సునో అమ్మా, నీ మాట నెగ్గితే మంచిది. నెగ్గకపోతే నువ్వు టైపు సెక్షన్‌ల కూసుంటవ్. ఆడ టకటక చప్పుడుకు నీ నోరు ఎవనికీ ఇనబడది. మంజూరేనా?”

“మంజూరే సార్” అన్నాను. నోరు ముందు పోతుంది, తెలివి దాని వెనక పరుగెత్తుకుంటూ వస్తుంది. అది నా జాతకం. వరండాలోకి వచ్చాక గాని నాయన పెట్టిన షరతు గుర్తురాలేదు. టైపు సెక్షనుకు పంపితే ఆ పొద్దే ఇంటికి. ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల గురించి ఏ చర్చలు మొదలవుతాయో తార్నాకలో ప్రతి వంటింటికీ తెలుసు. అక్క నా ముఖం చూసి, “ఏందే పిల్లా, గంత లొల్లి ఎందుకు పెట్టినవ్? సప్పుడు జేయకుంటే ఏదో ఒక మిషిని అయితే వస్తుండె గద” అంది. “వస్తుంది అక్కా, వచ్చి పెద్దసారు గదిలో గుడ్డ కప్పుకుని పడుకుంటుంది” అన్నాను. “అవ్, అది గూడ నిజమే” అంది అక్క. ఆమె మద్దతు అంతవరకే. కానీ ఆ రోజు నాకు అది చాలా ఎక్కువ.

పందెమైతే కాశాను గాని నేను వాదించిన చేతి మిషను దుకాణంలో ఉన్నదో లేదో కూడా నాకు తెలియదు. ఇంట్లో సంగతంతా చెప్పేశాను. నాయన తిట్టలేదు, చొక్కా వేసుకున్నాడు. “పదమ్మా, సూసొద్దాం. సూడని వస్తువు మింద పందెం కాసినావే!” అని ఆబిడ్స్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ టైపు మిషన్లూ లెక్కల మిషన్లూ అమ్మే దుకాణంలో టై కట్టుకున్న ఒక సేల్స్‌మన్ మమ్మల్ని చూసి, ఏదో అడ్రసు అడగడానికి వచ్చిన వాళ్ళనుకున్నాడు. విషయం తెలిశాక తిన్నగా కరెంటు మిషను దగ్గరికే నడిపించాడు. నాయన దాని బొత్తాలు చూడలేదు, అంకెలు చూడలేదు. వంకాయలు ఏరినట్టు చుట్టూ తిరిగి, చేత్తో పైకెత్తబోయి, ఎత్తలేక దించి, “ఇది ఎవురు మోస్తారబ్బా?” అన్నాడు. తర్వాత వరసగా, “చెడిపోతే ఎవురు బాగుచేస్తారు? వాళ్ళు ఈ ఊర్లో ఉండారా? కరెంటు పోతే ఏంగతి? దీంట్లో ఇన్ని మీటలుండాయి, మా పాప పనికి ఎన్ని కావాల?” అని అడిగాడు. సేల్స్‌మన్‌కు చెమట పట్టింది. మెకానిక్కు బొంబాయి నుంచి రావాలట.

పక్కన మూలలో చేతి మిషను ఉంది. నల్లగా, పొట్టిగా, కుడిపక్కన పిడితో. ముందుకు తిప్పితే కూడుతుంది, వెనక్కి తిప్పితే తీసేస్తుంది, భాగహారమంటే అట్లా తీస్తూ పోవడమే, తియ్యడానికి ఇంకేమీ మిగలకపోతే గంట కొడుతుంది. దాన్ని నాయన ఒంటిచేత్తో ఎత్తాడు. నేను పిడి పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పాను. మా అవ్వ పక్కన కూర్చుని నేను తిప్పిన రాగుల ఇసుర్రాయి అంతా నా మోచేతిలోకి వచ్చేసింది. “ఇదే మేలు. నీకు తిప్పేది రాకపోతే గదా!” అన్నాడు నాయన. నాకు వాదించడం నేర్పింది ఎవరా అని అన్నాళ్ళూ అనుకునేదాన్ని, ఆ రోజు ఆ దుకాణంలో తెలిసింది.

పరీక్ష రోజు మంచి ఎండాకాలం. కరెంటు మిషనును ఇద్దరు అటెండర్లు ఆయాసపడుతూ మోసుకొచ్చి మా గదిలో బల్లమీద దించారు. టై సేల్స్‌మన్ వెనకే చేతి మిషనును సంచిలో వేసుకుని వచ్చాడు, కూరగాయలు తెచ్చినట్టు. పెద్దసారు కుర్చీలో కూర్చున్నారు. కరెంటు సారు బల్ల పక్కన నిలబడ్డారు. అక్క అల్మారాకు ఆనుకుంది. సేల్స్‌మన్ ప్లగ్గు కోసం గోడలన్నీ చూసి, చివరికి “సార్, ఫ్యాను తీసెయ్యాలి” అన్నాడు. ఫ్యాను ఆగింది. షేర్వాణీలో ఉన్న మనిషి ఆ గదిలో ఆ ఎండలో ఎట్లా ఉంటారో ఊహించుకోండి. అది నాకు వచ్చిన తొలి మార్కని నేను మురిసిపోయాను. తొందరపడ్డాను.

ఎందుకంటే ఆ మిషను నిజంగా అద్భుతం. సేల్స్‌మన్ ముందే తయారుచేసుకొచ్చిన పెద్ద పెద్ద అంకెలు మీటలతో కొట్టి, పక్కనున్న బొత్తం నొక్కి చేతులు కట్టుకున్నాడు. మిషను గరగరమని, పైనున్న అంకెల బండిని తానే జరుపుకుంటూ, దడదడలాడి, ఠక్కున ఆగి జవాబు చూపించింది. “వాహ్!” అన్నారు పెద్దసారు. కరెంటు సారు తనే దాన్ని కన్నట్టు చూశారు. తర్వాత నా వంతు. అదే భాగహారం చేతి మిషను మీద చెయ్యాలి. అందరి కళ్ళూ నా చేతిమీదే. కంగారులో వెనక్కి తిప్పాల్సిన పిడి ముందుకు తిప్పాను, సరిచెయ్యబోయి వెనక్కి మరీ తిప్పాను, గంట కొట్టింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ గంట. “చెరకురసం అయిందా మిస్?” అన్నారు కరెంటు సారు. పెద్దసారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నా వైపు జాలిగా చూశారు. ఆ జాలిలో నాకు టైపు సెక్షను గుమ్మం కనిపించింది.

ఓడిపోతున్నప్పుడు ఊరుకోవడం తెలిసినవాళ్ళు వేరే. “సార్, ఇది పరీక్ష కాదు” అన్నాను. “ఏంది కాదు?” అన్నారు పెద్దసారు. “ఆయన ఇంట్లో వండుకుని తెచ్చిన అంకెలు సార్ ఇవి. మిషను కొనేది ఆయన లెక్కలకు కాదు, మన లెక్కలకు. ఇవిగో, ఈ సంచిలోవి. పొద్దున లేస్తే మేం చేసేవి ఇవి. చెయ్యి పెట్టి ఏ కట్ట వస్తే ఆ కట్ట తియ్యండి, రెండు మిషన్ల మీదా అదే చేద్దాం. అప్పుడు కూడా ఓడిపోతే నేనే నడుచుకుంటూ టైపు సెక్షనుకు వెళతాను.” పెద్దసారు కరెంటు సారు వైపు చూశారు. “విత్ ప్లెజర్” అన్నారాయన. సంచిలో చెయ్యిపెట్టి కట్ట తీసింది కూడా ఆయనే. ఇది నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ కట్ట నేనే ఏరి పైన పెట్టానని క్యాంపస్‌లో ఒక పుకారు చాలా కాలం తిరిగింది. నాకంత ముందుచూపు ఉంటే పందెమే కాసేదాన్ని కాదు.

కరెంటు సారు కాగితం తర్వాత కాగితం తీసి అంకెలు చదువుతుంటే సేల్స్‌మన్ మీటలు కొడుతున్నాడు. ఖర్చు ఇంత, భూమి ఇన్ని ఎకరాలు, బొత్తం, దడదడ, జవాబు. ఖర్చు, భూమి, బొత్తం, దడదడ. ఇద్దరికీ లయ కుదిరింది. నేను పిడి పట్టుకుని, నా వంతు వచ్చేసరికి ఈ జోరును ఎట్లా అందుకోవాలా అని బిక్కుబిక్కుమంటున్నాను. అంతలో కరెంటు సారు అదే జోరులో, “పనిముట్లు, పలుపుతాళ్ళు కలిపి పద్దెనిమిది. భూమి, సున్నా. నెక్స్ట్!” అన్నారు. సేల్స్‌మన్ అదే జోరులో పద్దెనిమిది కొట్టాడు, సున్నా కొట్టాడు, బొత్తం నొక్కాడు.

మిషను మొదలుపెట్టింది. దడదడ దడదడ. జవాబు కోసం అందరం చూస్తున్నాం. దడదడ దడదడ. అంకెలు గిర్రున తిరుగుతున్నాయి, పద్దెనిమిది మాత్రం అక్కడే కూర్చుంది. సున్నా తీసేస్తే ఏం తరుగుతుంది? తరగదు. అది ఆ మిషనుకు తెలియదు. తరిగేదాకా తీస్తూనే ఉండమని దాన్ని పుట్టించారు, తీస్తూనే ఉంది. సేల్స్‌మన్ ఒక బొత్తం నొక్కాడు, ఆగలేదు. ఇంకోటి నొక్కాడు. అన్నీ కలిపి నొక్కాడు. మిషను ఊగుతూ బల్ల అంచు వైపు జరగసాగింది. “పట్టుకోండి, పట్టుకోండి!” అని కరెంటు సారు దాన్ని కావలించుకున్నారు. ఆయన కళ్ళజోడు, జుట్టు, మాట అన్నీ దానితో పాటు దడదడలాడాయి. “ఆ-ఆ-ఆ-పండి!” పెద్దసారు కుర్చీ వెనక్కి జరుపుకుని, “అరె, ఏమైంది దీనికి? దయ్యం పట్టిందా?” అన్నారు. చివరికి అక్క వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేసింది.

సేల్స్‌మన్ టై సర్దుకుని, “చిన్న లూజ్ కాంటాక్ట్ సార్” అని ప్లగ్గు మళ్ళీ పెట్టాడు. మిషను ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంది. దడదడ దడదడ! కరెంటు సారు మళ్ళీ కావలించుకున్నారు. అక్క మళ్ళీ పీకింది. ఈసారి ప్లగ్గు చేతిలోనే పట్టుకుని, “ఇగ ఇయ్య” అంది.

“అసలు ఏం లెక్క కొట్టిన్రు?” అని పెద్దసారు ఆ కాగితం అడిగి తీసుకున్నారు. నేను అప్పటికే చూశాను. మానుకోట వైపు ఒక కూలి కుటుంబం. ఒక కొడవలి, ఒక పార, తాళ్ళు కొనుక్కున్నారు. భూమి లేదు. “సార్, ఆ ఇంటికి సెంటు నేల కూడా లేదు. నేలే లేనివాడిని ఎకరానికి ఎంత ఖర్చుపెట్టావని అడుగుతామా? ఆ ప్రశ్న మనిషినడిగితే మన ముఖం చూసి ఊరుకుంటాడు. మిషనునడిగితే ఇదిగో, ఇట్లా పిచ్చెత్తిపోతుంది” అన్నాను.

“మరి నీ మిషను ఏం జేస్తది?” అన్నారు పెద్దసారు.

“నా మిషను ఏమీ చెయ్యదు సార్. నేను తిప్పితే గదా! సున్నా కనబడగానే పిడి మీద చెయ్యి తీసేస్తాను, కాగితం మీద గీత కొట్టి పక్కదానికి వెళతాను. నేను ఆపితే ఆగుతుంది, అదే దాని గొప్ప.” అని, ఆ కట్ట ముందుకు లాక్కుని, పిడి పట్టుకుని మొదలుపెట్టాను. ఏమైందో తెలియదు, ఈసారి పిడి ఎటు తిప్పాలో చేతికే తెలిసింది. ఇసుర్రాయి లయ దొరికింది. గర్రు, గర్రు, గంట, బండి జరుపు, గర్రు, గర్రు, గంట. అక్క పక్కన నిలబడి అంకెలు చదివింది. భూమి లేని ఇల్లు వచ్చినప్పుడల్లా ఇద్దరం ఒక్కసారే “గీత!” అన్నాం. అటువంటి ఇళ్ళు ఆ సంచిలో తక్కువేం కాదు. జవాబులు కరెంటు మిషను ఇచ్చినవాటితో సరిపోయాయి. ఆలస్యం అయింది, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ దేన్నీ కావలించుకోనక్కర్లేకపోయింది.

పెద్దసారు మొదట మూతి బిగించుకున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత షేర్వాణీ గుండీ ఒకటి విప్పుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. “షాబాష్ అమ్మా! లెక్క జెయ్యడం ఒక తెలివి, ఏది లెక్క జెయ్యద్దో తెల్వడం ఇంకో తెలివి” అన్నారు. సేల్స్‌మన్ వైపు తిరిగి, “రెండు చేతి మిషన్లు పంపు. దీన్ని తీస్కపో. ముందుగాల ఆ ఫ్యాను పెట్టుండ్రి!” అన్నారు. ఆ సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాక దాకా నేను నడిచిన నడక ఇప్పటికీ గుర్తుంది. నడిచానా, ఊరేగానా అంటే ఊరేగాననే చెప్పాలి. గుమ్మంలో నాయన నా ముఖం చూసి, లోపలికి తిరిగి అమ్మతో, “ఇంక మనం ఈ పాపతో గెలవం” అని మాత్రం అన్నాడు. నాకు తెలిసి ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదే.

మిషన్లు వచ్చిన రోజున ఆఫీసు సూపరింటెండెంటు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టించి, మెల్లగా ఒక ఆకుపచ్చ గుడ్డ బయటికి తీశాడు. రెండిటికీ కొలత తీసి కుట్టించిన తొడుగులు! “దుమ్ము పడకుండ అమ్మా. పని లేనప్పుడు కప్పి, అల్మారల పెట్టి తాళమెయ్యాలె” అన్నాడు. “దుమ్ము కూర్చోవాలంటే మిషను ఊరికే కూర్చోవాలి గదా సార్! ఇది ఊరికే కూర్చునేది ఎప్పుడు?” అని మొదలుపెట్టేసరికి ఆయన వెంటనే వెనక్కి తగ్గాడు. అప్పటికి నా పేరు అంత దూరం పాకింది. ఆ తొడుగుల్లో ఒకటి అక్క టిఫిను సంచి అయింది, రెండోది మా గది కిటికీ తెర అయింది. మిషన్లు మా బల్లలమీదే, ఒంటిమీద నూలుపోగు లేకుండా, పొద్దస్తమానం గర్రుగర్రుమంటూ ఉండేవి. మఖ్మల్ సాబ్ కూడా ఒకసారి చూసి వెళ్ళాడు, పాపం, తల ఊపుకుంటూ. ఇంకొన్నాళ్ళకు కరెంటు సారు తన సొంత పరిశోధన కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “మిస్, ఒక అరగంట... వాడుకోవచ్చా?” అన్నారు. అక్క నేలచూపులు చూస్తోంది. నేను చాలా మర్యాదగా, “చేతులు తుడుచుకున్నారా సార్?” అన్నాను. ఆయన నిజంగానే తుడుచుకున్నారు. ఆ తర్వాత మాకు మంచి స్నేహితులయ్యారు, పిడి కూడా చక్కగా తిప్పేవారు. చెరకురసం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, మొన్న నేనూ మా అమ్మాయీ కంప్యూటరు దుకాణానికి వెళ్ళినప్పుడు ఆ పరీక్షంతా మళ్ళీ జరిగింది. అక్కడా ఒక టై కుర్రాడు. పాటలు వినిపిస్తుంది, బొమ్మలు ఆడిస్తుంది, స్పీకర్లు, రంగులు, ఇంకా ఏవేవో అని ఖరీదైనదాని దగ్గరికే నడిపించాడు. “బాబూ, మా పని ఉత్తరాలు రాసుకోవడం, నెల ఖర్చులు వేసుకోవడం, ఈ పిల్ల కాలేజీ పని. దానికి ఇన్ని మీటలు ఎందుకు? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? వాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా?” అని అడుగుతుంటే, నా గొంతులోంచి నాయనే మాట్లాడాడు. మా అమ్మాయి పక్క దుకాణం వైపు చూస్తూ నాకు తనేమీ కానట్టు నిలబడింది. చివరికి అన్నిటికంటే సాదాది, అన్నిటికంటే చవకది, మూలన పెట్టినది ఇంటికి వచ్చింది. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దాని ముందు కూర్చుంటే నా కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ పక్కకు పోయి గాలిలో పిడి వెతుకుతుంది.

ఒక సంగతి దాస్తే బాగుండదు. వచ్చిన వారానికే నా పాత పట్టుచీర, నీలానికి ఎర్రంచుది, కత్తిరించి దానికి తొడుగు కుట్టాను. తార్నాక రోడ్డు దుమ్ము మీకు తెలియనిదా! మా అమ్మాయి ఆ జరీ అంచు పట్టుకుని చూసి, “అమ్మా, ఇప్పుడు దీన్ని వాడాలంటే చేతులు తుడుచుకోవాలా?” అంది. నేనే ఆ కథ దానికి వందసార్లు చెప్పి ఉంటాను. నోరెత్తలేకపోయాను. నా జీవితంలో అదెంత అరుదో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. తొడుగు తీసి, మిషను పెట్టి, అందులో లెక్కలు చేసే బొమ్మ ఒకటుంటే తెరిచాను. పద్దెనిమిది కొట్టాను. భాగహారం గుర్తు. సున్నా. ఎందుకైనా మంచిదని ఎడమచెయ్యి ప్లగ్గు దగ్గర పెట్టుకుని, బొత్తం నొక్కాను. దడదడలాడలేదు, ఊగలేదు. సున్నాతో భాగించడం కుదరదని తెరమీద ఒక చిన్న ముక్క వేసి, నా సమాధానం కోసం ఎదురుచూస్తూ నిలబడింది. నేను చిన్నవయసులో ఉన్నప్పుడు, ఫ్యాను లేని గదిలో, పెద్దవాళ్ళ ఎదుట నిలబడి చెప్పిన మాట! ఎన్నేళ్ళు పట్టినా, చివరికి మిషనే నా దారికి వచ్చింది. అక్క ఉంటే ఇద్దరం కలిసి “గీత!” అని ఉండేవాళ్ళం. ఒక్కదాన్నే మెల్లగా అనుకుని, మిషను ఆపి, జరీ అంచు సరిగ్గా ముందుకు వచ్చేట్టు సర్ది, గుడ్డ కప్పాను.